కుక్కకు ఇంట్లోనే థైరాయిడ్ టెస్ట్: చౌక కిట్ ఏం తేలుస్తుంది, ఏం తేల్చలేదు

మధ్య వయసు కుక్క ఒళ్లు చేసి, ఎప్పుడూ ఓ మూల పడుకుని ఉంటూ, తోక మీద జుట్టు పలచబడితే ఇంట్లోవాళ్లకు తట్టే మొదటి అనుమానాల్లో థైరాయిడ్ ఒకటి. క్లినిక్‌కు తీసుకెళ్లి రక్తం తీయించాలంటే ఖర్చు ఉంటుంది, కుక్కకు టెన్షనూ ఉంటుంది. అందుకే ఇంట్లోనే చేసుకునే టెస్ట్ కిట్ల మీద చాలామందికి ఆశ. చెవి అంచున సన్నటి సూదితో గుచ్చి, కార్డు మీద రెండు మూడు రక్తపు చుక్కలు పట్టి, ఆరబెట్టి పంపమనేవి కొన్ని. నాలుగు వెంట్రుకలు పంపితే చాలు అనేవి, బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పితే చాలు అనేవి మరికొన్ని.

వీటన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. కొన్నిటి వెనుక నిజమైన హార్మోన్ పరీక్ష ఉంటుంది, కొన్నిటి వెనుక ఏమీ ఉండదు. అయితే కిట్ ఎంత నికార్సైనదైనా కొనేముందు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. కుక్కల థైరాయిడ్ పరీక్షలో ‘మామూలుగానే ఉంది’ అని వస్తే ఆ మాటను చాలావరకు నమ్మొచ్చు. ‘తక్కువగా ఉంది’ అని వస్తే మాత్రం ఏమీ తేలనట్టే. ఈ తేడా తెలిసినవాళ్లకు చౌక పరీక్ష నిజంగానే డబ్బు మిగులుస్తుంది. తెలియనివాళ్లకు అదే పరీక్ష అక్కర్లేని మందులు, పొరపాటు వైద్యం, చేయి దాటిపోయిన అసలు జబ్బు రూపంలో ఖరీదైపోతుంది.

జబ్బు ఎలా మొదలవుతుంది

కుక్క మెడలో గాలిగొట్టానికి అటొకటి ఇటొకటిగా ఉండే రెండు చిన్న భాగాలే థైరాయిడ్ గ్రంథి. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌తో దాన్ని పనిచేయిస్తుంది. థైరాయిడ్ టీ4 ను ఎక్కువగా, టీ3 ని కొద్దిగా రక్తంలోకి వదులుతుంది. ఒంట్లో దాదాపు ప్రతి కణం ఎంత వేగంగా పనిచేయాలో ఈ హార్మోన్లే నిర్ణయిస్తాయి కాబట్టి, అవి తగ్గితే గుండె, చర్మం, జుట్టు, నరాలు, కండరాలు అన్నీ మందగిస్తాయి.

కుక్కల్లో ఈ లోపం నూటికి 95కు పైగా కేసుల్లో గ్రంథి చెడిపోవడం వల్లే వస్తుంది. వాటిలో సుమారు సగం కుక్కల్లో సొంత రోగనిరోధక కణాలే గ్రంథి మీద దాడి చేసి దాన్ని క్రమంగా నాశనం చేస్తాయి. మిగతా సగంలో గ్రంథి కుంచించుకుపోయి ఆ చోట కొవ్వు చేరుతుంది. రెండూ నెలల తరబడి, ఏళ్ల తరబడి నిదానంగా సాగేవే. గ్రంథిలో ముప్పాతిక వంతు పోయేదాకా పైకి ఏ లక్షణమూ కనిపించదు. సాధారణంగా 4 నుంచి 10 ఏళ్ల మధ్య బయటపడుతుంది. గోల్డెన్ రిట్రీవర్, డాబర్‌మాన్, బాక్సర్, బీగిల్, కాకర్ స్పానియల్, ఇంగ్లిష్ సెట్టర్ లాంటి జాతుల్లో ఎక్కువ. పిల్లుల్లో కథ తలకిందులు. వాటికి వయసు మళ్లాక హార్మోన్ ఎక్కువవడమే సమస్య, అందుకే పిల్లి కోసం చదివిన సలహాలు కుక్కకు పనికిరావు.

లక్షణాల దగ్గరే అసలు చిక్కంతా మొదలవుతుంది. బరువు పెరగడం, హుషారు తగ్గడం, చలికి తట్టుకోలేకపోవడం, జుట్టు రాలడం, చర్మం నల్లబడటం, మాటిమాటికీ చెవుల్లోనో చర్మం మీదో ఇన్ఫెక్షన్ రావడం. వీటిలో ఏ ఒక్కటీ థైరాయిడ్‌కు మాత్రమే సొంతం కాదు. ఎక్కువ తిండి, తక్కువ నడక, కీళ్ల నొప్పి, అలర్జీ, ముసలితనం కూడా ఇదే వేషంలో వస్తాయి. అందువల్ల థైరాయిడ్ ‘ఉందేమో’ అనిపించే కుక్కలు చాలా ఉంటాయి, నిజంగా ఉన్నవి కొన్నే. మొత్తం కుక్కల్ని లెక్కలోకి తీసుకుంటే వెయ్యికి 2 నుంచి 8 దాకా మాత్రమే ఈ జబ్బు ఉంటుందని అంచనా.

వెయ్యి కుక్కల లెక్క

చౌకగా దొరికే పరీక్షల్లో సాధారణంగా కొలిచేది మొత్తం టీ4. పరీక్షగా ఇది చెడ్డదేమీ కాదు. నిజంగా జబ్బున్న కుక్కల్లో నూటికి 90కి పైగా ఇందులో పట్టుబడతాయి. కానీ జబ్బు లేని కుక్కల్లో కూడా దాదాపు ప్రతి అయిదింట్లో ఒకదానికి టీ4 తక్కువగా కనిపించవచ్చు. వినడానికి ఇదేమంత పెద్ద లోపంగా అనిపించదు. అంకెలు వేసి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది.

ఏ లక్షణమూ చూడకుండా వెయ్యి కుక్కలకు వరసగా ఈ పరీక్ష చేశారనుకుందాం. వాటిలో 5 కుక్కలకు నిజంగా థైరాయిడ్ లోపం ఉంది. ఆ అయిదూ పట్టుబడ్డాయనే అనుకుందాం. మిగిలిన 995 కుక్కల్లో అయిదో వంతు, అంటే 199 కుక్కలకు కూడా ‘తక్కువ’ అనే రిపోర్టే వస్తుంది. మొత్తం 204 ఇళ్లలో ఆందోళన మొదలవుతుంది. అందులో 199 ఇళ్లలో కుక్క థైరాయిడ్‌కు ఏమీ కాలేదు. అంటే అలాంటి రిపోర్టు చేతిలో పట్టుకున్న ప్రతి 40 మందిలో ఒక్కరి కుక్కకే ఆ జబ్బు.

ఇప్పుడు అదే పరీక్షను లక్షణాలు చూసి ఎంచిన కుక్కలకే చేస్తే ఎలా ఉంటుందో చూద్దాం. డాక్టర్ పరీక్షించి, వేరే కారణాలు పక్కనపెట్టి, గట్టి అనుమానం ఉన్న 100 కుక్కల్ని ఎంచారు. వాటిలో 30కి నిజంగా జబ్బుంది. వాటిలో 28 దాకా పట్టుబడతాయి. లేని 70లో అయిదో వంతు, అంటే 14 కుక్కలకు తప్పుగా తక్కువ వస్తుంది. ఇప్పుడు ‘తక్కువ’ వచ్చిన 42 రిపోర్టుల్లో 28 నిజమైనవి. ల్యాబ్ మారలేదు, రసాయనం మారలేదు, ఖర్చు మారలేదు. మారిందల్లా ఏ కుక్కకు పరీక్ష చేశారన్నదే. నలభైలో ఒకటిగా ఉన్న నమ్మకం మూడింట రెండు వంతులకు చేరింది.

ఈ లెక్కకు రెండో వైపు కూడా ఉంది, అక్కడే చౌక పరీక్షకు అసలు విలువ. ఆ వెయ్యి కుక్కల్లో టీ4 మామూలుగా ఉన్నవి దాదాపు 800. వాటిలో జబ్బున్నది ఒకటి దొరకడం కూడా కష్టమే. గోడకు చేరగిలి పడుకునే కుక్క టీ4 హద్దుల మధ్యలో ఉందంటే, డబ్బు, దృష్టి రెండూ థైరాయిడ్ మీంచి తీసి కీళ్ల మీదా, తిండి కొలత మీదా పెట్టొచ్చు. ఇంట్లో చేసే పరీక్ష థైరాయిడ్ అనుమానాన్ని కొట్టిపారేయడానికి బాగా పనికొస్తుంది, జబ్బు నిర్ధారణకు పనికిరాదు. దీనికి చిన్న మినహాయింపు ఒకటుంది. కొన్ని కుక్కల్లో రోగనిరోధక వ్యవస్థ టీ4 మీదే యాంటీబాడీలు తయారుచేస్తుంది. అవి పరీక్షను మోసగించి, నిజంగా తక్కువున్న అంకెను మామూలుగానో ఎక్కువగానో చూపిస్తాయి. ఇది అరుదే గానీ, లక్షణాలన్నీ అచ్చంగా ఉండి అంకె మాత్రం కుదరకపోతే గుర్తుకు రావాల్సిన విషయం.

జబ్బు లేకుండానే టీ4 ఎందుకు పడిపోతుంది

ఆ 199 కుక్కల వెనుక రకరకాల కారణాలు ఉంటాయి. అన్నిటికన్నా పెద్దది, ఒంట్లో వేరే జబ్బు ఉండటం. చర్మం మీద తీవ్రమైన ఇన్ఫెక్షన్, షుగర్, కిడ్నీ జబ్బు, కాలేయ జబ్బు, క్యాన్సర్, ఏది ఉన్నా శరీరం తన ఖర్చు తగ్గించుకోవడానికి థైరాయిడ్ హార్మోన్‌ను తగ్గించుకుంటుంది. గ్రంథి బాగానే ఉంటుంది. అసలు జబ్బు నయమైతే టీ4 దానంతటదే పైకి వస్తుంది. ఇలాంటి కుక్కకు థైరాయిడ్ మాత్ర వేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. పైగా ‘కారణం దొరికింది’ అన్న నిశ్చింతలో అసలు జబ్బును వెతకడం ఆగిపోతుంది. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా నష్టం చేసే పొరపాటు ఇదే.

రెండోది మందులు. దురద తగ్గడానికి వాడే స్టెరాయిడ్లు, ఫిట్స్‌కు వాడే ఫీనోబార్బిటాల్ టీ4 ను కిందికి దించుతాయి. సల్ఫా మందులు ఇంకో అడుగు ముందుకెళ్లి, కొన్ని వారాలు వాడితే గ్రంథిని నిజంగానే పనిచేయకుండా ఆపగలవు. మందు ఆపాక అది కోలుకుంటుంది. దురదతో, జుట్టు రాలడంతో బాధపడే కుక్కలు చాలావరకు అప్పటికే స్టెరాయిడ్ వాడి ఉంటాయి. చెవిలో వేసే చుక్కల్లోనూ, పైపూత మందుల్లోనూ స్టెరాయిడ్ ఉండొచ్చు. కిట్‌తో వచ్చే ఫారంలో ఈ ప్రశ్న లేకపోతే ఆ కిట్ తయారుచేసినవాళ్లకు విషయం తెలియదనే అనుకోవాలి.

మూడోది జాతి. గ్రేహౌండ్, విప్పెట్, సలూకీ లాంటి పరుగు కుక్కలకు టీ4 పుట్టుకతోనే తక్కువ. మిగతా జాతుల హద్దులతో పోలిస్తే ఆరోగ్యంగా ఉన్న గ్రేహౌండ్ కూడా రోగిలా కనిపిస్తుంది. వయసు పెరిగేకొద్దీ కూడా టీ4 కొంత తగ్గుతుంది, ఒకే రోజులో కూడా పైకీ కిందికీ ఊగుతుంది. పొద్దున తీసిన చుక్కలో హద్దు కింద ఉన్న అంకె సాయంత్రం హద్దు పైకి రావచ్చు.

మనుషుల కోసం చేసిన కిట్‌ను కుక్కకు వాడితే ఏమవుతుందన్న ప్రశ్న తరచూ వస్తుంటుంది. ఏదీ సరిగ్గా తేలదు. మనుషుల్లో మొత్తం టీ4 డెసిలీటరుకు సుమారు 5 నుంచి 12 మైక్రోగ్రాములు. కుక్కల్లో అది దాదాపు 1 నుంచి 4. అంటే మనిషి హద్దులతో చూస్తే ప్రపంచంలో ఉన్న ఆరోగ్యవంతమైన కుక్కలన్నీ రోగులే. మనుషులకు ఇంట్లో చేసే టీఎస్‌హెచ్ స్ట్రిప్పులు ఇంకా అన్యాయం. కుక్క టీఎస్‌హెచ్ నిర్మాణం వేరు, మనిషి పరీక్ష దాన్ని సరిగా గుర్తించలేదు.

ఇక్కడే ఇంకో తేడా కూడా చెప్పుకోవాలి. మనుషుల్లో గ్రంథి మందగిస్తే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, ఆ ఒక్క అంకెతోనే చాలావరకు తేలిపోతుంది. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ ఉంటే కుక్కకు కూడా అదే పద్ధతి పనికొస్తుందనుకోవడం సహజం. కానీ నిజంగా జబ్బున్న కుక్కల్లో 20 నుంచి 40 శాతానికి టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంటుంది. టీ4 తక్కువ, టీఎస్‌హెచ్ ఎక్కువ, రెండూ కలిసి వస్తే నిర్ధారణ గట్టిది. టీఎస్‌హెచ్ ఒక్కటే చూసి ‘ఏమీ లేదు’ అనడం మాత్రం కుక్కల్లో కుదరదు.

జుట్టు, లాలాజలం కిట్ల సంగతి

వీటి గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. వెంట్రుక పంపితే వందల ‘అసమతుల్యతలు’ చెప్పే కిట్లు థైరాయిడ్ పేరు కూడా ఆ జాబితాలో చేరుస్తుంటాయి. కుక్కల అలర్జీ విషయంలో జుట్టు, లాలాజలం కిట్లను పరీక్షించిన ఒక అధ్యయనం 2019లో ప్రచురితమైంది. అందులో నిజమైన కుక్కల శాంపిళ్లతో పాటు బొమ్మ జంతువు బొచ్చు, నకిలీ లాలాజలం కూడా పంపారు. బొమ్మకు కూడా అలర్జీలు ఉన్నట్టు రిపోర్టు వచ్చింది. థైరాయిడ్ లోపాన్ని నిర్ధారించడానికి పశువైద్యంలో వాడేది రక్తమే. జుట్టు ఆధారంగా థైరాయిడ్ రిపోర్టు ఇచ్చే కిట్ ఎంత చౌకైనా ఆ డబ్బు వృథా.

రక్తపు చుక్క కార్డుల విషయం వేరు. పుట్టిన పిల్లల మడమ నుంచి చుక్క రక్తం తీసి, కాగితం మీద ఆరబెట్టి థైరాయిడ్ చూసే పద్ధతి 1970ల్లో కెనడాలోని క్యూబెక్‌లో మొదలై ఎన్నో దేశాలకు పాకింది, లెక్కలేనంత మంది పిల్లల్ని మందబుద్ధి కాకుండా కాపాడింది. ఆరిన చుక్కలో హార్మోన్ కొలవడం సాధ్యమే అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కానీ అక్కడ ప్రతి బిడ్డకూ పరీక్ష చేయడానికి గట్టి కారణం ఉంది. కొన్ని వారాలు ఆలస్యమైతే మెదడుకు జరిగే నష్టం మళ్లీ పూడదు. అనుమానం వచ్చిన ప్రతి బిడ్డకూ వెంటనే రెండో పరీక్ష చేసే ఏర్పాటు కూడా వెనకే ఉంటుంది. పెద్ద కుక్కలో థైరాయిడ్ లోపం ఏళ్ల మీద పాకే జబ్బు. రెండు మూడు వారాలు ఆలస్యమైనా సాధారణంగా నష్టం ఉండదు. కాబట్టి హడావుడిగా అందరికీ పరీక్ష చేయాల్సిన అవసరం లేదు, వరస తప్పకుండా ఒక్కోటీ చూసుకునే తీరిక ఉంది.

ఆరోగ్యంగా కనిపించే కుక్కలకు కూడా పరీక్ష చేయడంలో అర్థం ఉన్న సందర్భం ఒకటుంది, కుక్కపిల్లల్ని పుట్టించడానికి పెంచే కుక్కలు. రోగనిరోధక దాడి వల్ల వచ్చే రకం వంశపారంపర్యంగా వస్తుంది కాబట్టి, థైరాయిడ్ గ్రంథిలో ఉండే థైరోగ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ మీద తయారయ్యే యాంటీబాడీలను చూస్తారు. అవి లక్షణాలకు ఎంతో ముందే కనిపిస్తాయి. అమెరికాలోని ఆర్థోపెడిక్ ఫౌండేషన్ ఫర్ యానిమల్స్ థైరాయిడ్ రిజిస్ట్రీ ఏడాది నిండాక మొదలుపెట్టి 2, 3, 4, 6, 8 ఏళ్ల వయసుల్లో మళ్లీ చూడమంటుంది. ఒక్కసారి చూసి ‘క్లియర్’ అనుకుంటే చాలదని ఆ షెడ్యూలే చెబుతోంది. దీనికి మొత్తం టీ4 ఒక్కటే చూసే చౌక కిట్ సరిపోదు.

పైసా ఖర్చు లేకుండా ఇంట్లో చూడగలిగేవి

అనుమానం నిజంగా ఎంత గట్టిదో తేల్చడానికి సూది కన్నా ముందు పనికొచ్చేవి కళ్లూ చేతులూ. పై లెక్కలో నలభైలో ఒకటిని మూడింట రెండుగా మార్చింది ఈ పనే.

మొదట నీళ్లు. పొద్దున గిన్నెలో కొలిచి పోసి, మర్నాడు అదే వేళకు మిగిలింది కొలిస్తే రోజుకు ఎంత తాగుతోందో తెలుస్తుంది. మధ్యలో పోసినవీ కలుపుకోవాలి, బయట తాగనివ్వకూడదు. కిలో బరువుకు 100 మిల్లీలీటర్లకు మించి తాగుతుంటే అది అతి దాహం. థైరాయిడ్ లోపంలో సాధారణంగా దాహం పెరగదు. జుట్టు రాలుతూ, పొట్ట వేలాడుతూ, విపరీతంగా నీళ్లు తాగుతూ, మూత్రం పోస్తూ, ఆకలితో అల్లాడుతుంటే అనుమానం కుషింగ్ జబ్బు (ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ అతిగా తయారవడం) వైపు, షుగర్ వైపు మళ్లాలి. కుషింగ్‌లో కూడా టీ4 తక్కువ వస్తుంది. ఇంట్లో చేసిన థైరాయిడ్ పరీక్ష తప్పుదారి పట్టించే కుక్కల్లో ఇవి ముందు వరసలో ఉంటాయి. ఒక కొలగ్లాసు, ఒక కాగితం ఆ పొరపాటును ఆపగలవు.

తర్వాత జుట్టు. థైరాయిడ్ వల్ల రాలే జుట్టు రెండు పక్కలా ఒకేలా పలచబడుతుంది, తోక ఎలుక తోకలా బోడిగా మారుతుంది, ముక్కు పైభాగంలోనూ మెడ బెల్టు ఒరుసుకునే చోటా ముందుగా పోతుంది. దురద ఉండదు. కుక్క గోక్కుంటూ, నాక్కుంటూ ఉంటే ముందు అలర్జీనీ పురుగులనూ చూడాలి, థైరాయిడ్‌తో పాటు ఇన్ఫెక్షన్ చేరితే తప్ప. ఇంకో మంచి ఆనవాలు, ఎప్పుడో ఆపరేషన్‌కో స్కానింగ్‌కో గొరిగిన చోట నెలలు గడిచినా జుట్టు రాకపోవడం. నెలకోసారి ఒకే వెలుతురులో రెండు పక్కలా, తోక మీదా ఫొటోలు తీసి పెట్టుకుంటే జ్ఞాపకం మీద ఆధారపడాల్సిన పని ఉండదు.

బరువు చూడటం తేలికే. కుక్కను ఎత్తుకుని త్రాసు ఎక్కి, తర్వాత ఒక్కరే ఎక్కి తీసేస్తే సరి. ఆ వారాల్లో తిండి కొలిచి పెట్టాలి. కొలవకుండా ‘తక్కువే తింటుంది’ అనే మాటకు విలువ లేదు, ఇంట్లో అందరూ చేతిలోంచి పెట్టే ముక్కలు ఆ లెక్కలో పడవు. నిద్రపోతున్నప్పుడు వెనక కాలు తొడ లోపలి వైపు వేళ్లు ఆనించి 15 సెకన్ల నాడి లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే గుండె వేగం తెలుస్తుంది. ఒక రోజు అంకె కన్నా వారాల తరబడి అది తగ్గుతూ వస్తోందా అన్నది ముఖ్యం.

ఒళ్లు చల్లబడి, వణుకు కూడా లేకుండా, లేపినా సరిగ్గా లేవని కుక్క విషయంలో మాత్రం ఈ పరిశీలనలేవీ పెట్టుకోకూడదు. అది అరుదైన ప్రాణాపాయం, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

శాంపిల్ తీసేటప్పుడు

ఇవన్నీ చూశాక కూడా ఇంట్లోనే శాంపిల్ తీయాలనుకుంటే, కిట్ అమ్మేవాళ్లను ముందు కొన్ని అడగాలి. పరీక్షను కుక్క రక్తంతో సరిచూశారా? ఆరిన చుక్క అంకెను అదే కుక్క సీరం (రక్తం గడ్డకట్టాక పైకి తేలే నీరు) అంకెతో పోల్చి చూశారా? హద్దులు ఈ పద్ధతికే నిర్ణయించారా, వేరే పుస్తకంలోంచి తెచ్చి పెట్టారా? వీటికి సూటిగా జవాబు రాకపోతే కొనకపోవడమే మంచిది.

చెవి లోపలి అంచు ముందు గోరువెచ్చటి గుడ్డతో కాసేపు వెచ్చచేస్తే రక్తం తేలిగ్గా వస్తుంది. చుక్క రాకపోతే చెవిని పిండకూడదు. పిండితే కణజాలంలోని నీరు కలిసి రక్తం పలచబడుతుంది, అంకె మారిపోతుంది. కార్డు మీద ఒక్కో వృత్తం నిండేలా ఒక్కో చుక్కే పడాలి. ఒకదాని మీద ఒకటి వేస్తే చెడుతుంది. ఎండ తగలకుండా గది గాలికి పూర్తిగా ఆరాకే కవర్లో పెట్టాలి. రక్తం పలచగా ఉంటే చుక్క కాగితం మీద వెడల్పుగా పాకుతుంది, చిక్కగా ఉంటే చిన్నగా ఆగిపోతుంది. ల్యాబ్‌లో కోసే వృత్తం మాత్రం ఒకే సైజు. థైరాయిడ్ లోపం ఉన్న కుక్కల్లో సుమారు మూడో వంతుకు స్వల్పంగా రక్తహీనత ఉంటుంది కాబట్టి ఈ తేడాను తేలిగ్గా తీసుకోలేం. ఫ్రీ టీ4 (ప్రోటీన్లకు అంటుకోకుండా రక్తంలో విడిగా తిరిగే టీ4) అడిగే పరీక్షకైతే సీరమే కావాలి, దాన్ని చల్లగా పంపాలి. వేడికి ఆ అంకె ఉన్నదానికన్నా పెరుగుతుంది. కుక్క ఒప్పుకోకపోతే బలవంతంగా పట్టి గుచ్చడం మానుకోవాలి. ఇద్దరు పట్టుకుని చేసే ఆ గొడవకన్నా క్లినిక్‌లో ఒక్క నిమిషంలో తీసే రక్తమే కుక్కకు నయం.

‘తక్కువ’ అని వస్తే

ఆ కాగితాన్ని డాక్టర్‌కు చూపించి, ఇంట్లో రాసిపెట్టుకున్న నీళ్లు, బరువు, ఫొటోలు, వాడిన మందుల జాబితా ముందు పెట్టాలి. కుక్కను చూశాక డాక్టర్ అడిగే పరీక్షల్లో మామూలు రక్తపరీక్ష కూడా ఉంటుంది. థైరాయిడ్ లోపం ఉన్న కుక్కల్లో దాదాపు ముప్పాతిక వంతుకు కొలెస్ట్రాల్ పెరిగి ఉంటుంది, అది తక్కువ ఖర్చుతో దొరికే మంచి సాక్ష్యం. ఆ తర్వాత డయాలసిస్ పద్ధతిలో (ల్యాబ్‌లో సన్నటి పొర గుండా విడదీసి) కొలిచే ఫ్రీ టీ4, కుక్కల టీఎస్‌హెచ్. వేరే జబ్బు కనిపిస్తే ముందు దానికి వైద్యం, కొన్ని వారాల తర్వాత థైరాయిడ్ మళ్లీ చూడటం.

ఇంట్లో మనుషుల కోసం ఉన్న థైరాయిడ్ మాత్రలతో ‘వేసి చూద్దాం’ అనుకోవడం ప్రమాదం. కుక్క మోతాదు, మనిషి మోతాదు ఒక్కటి కావు. కిలో బరువు లెక్కన కుక్కకు మనిషి కన్నా పదింతలకు మించి కావాలి, అందుకే అంచనాతో వేసేది సరిపోదు. మరోవైపు గుండె జబ్బు ఉన్న కుక్కకూ, అడ్రినల్ గ్రంథి మందగించిన కుక్కకూ ఒక్కసారిగా హార్మోన్ అందితే ప్రాణం మీదికి వస్తుంది. జబ్బు లేని కుక్కకు నెలల తరబడి వేస్తే దాని సొంత గ్రంథి పని మానుకుంటుంది. ‘థైరాయిడ్ సపోర్ట్’ పేరుతో అమ్మే సముద్రపు నాచు పొడులతోనూ జాగ్రత్త. అందులోని అయోడిన్ ఎక్కువైతే ఆరోగ్యంగా ఉన్న గ్రంథే దెబ్బతింటుంది.

సరైన నిర్ధారణ లేకుండానే మాత్రలు మొదలైపోయిన కుక్కలు కూడా తక్కువేమీ కాదు. వాటికి మాత్ర వేస్తూ టెస్ట్ చేయిస్తే ఏమీ తెలియదు. డాక్టర్ సలహాతో ఆపి, గ్రంథి మళ్లీ మేల్కొనడానికి 6 నుంచి 8 వారాలు ఇచ్చాక పరీక్షిస్తే నిజం తెలుస్తుంది.

ఇంట్లో తీసే రక్తపు చుక్కకు అసలైన చోటు జబ్బు నిర్ధారణ అయ్యాకే అని చెప్పాలి. అక్కడ ప్రశ్న మారిపోతుంది. జబ్బు ఉందా లేదా అన్నది తేలిపోయింది, మోతాదు సరిపోతోందా అన్నదే మిగిలింది. దానికి మొత్తం టీ4 ఒక్కటే చాలావరకు సరిపోతుంది. థైరాయిడ్ మాత్ర అయిన లెవోథైరాక్సిన్ మొదలుపెట్టిన 4 నుంచి 8 వారాలకు, మాత్ర వేసిన 4 నుంచి 6 గంటల మధ్య రక్తం తీయాలి. క్లినిక్ అపాయింట్‌మెంట్‌ను ఆ రెండు గంటల సందులో కుదుర్చుకోవడం చాలామందికి కష్టం, ఇంట్లో అయితే గడియారం చూసి తీయొచ్చు. తిండితో కలిపి వేస్తే మందు తక్కువ ఒంటబడుతుంది కాబట్టి రోజూ ఎలా వేస్తున్నారో శాంపిల్ తీసే రోజు కూడా అలాగే వేయాలి, వేసిన గంటా తీసిన గంటా కార్డు మీద రాయాలి. హుషారు ఒకటి రెండు వారాల్లోనే కనిపిస్తుంది, జుట్టుకు మాత్రం నెలలు పడుతుంది. ఆ మధ్యలో పాత జుట్టు ఊడి కుక్క ముందుకన్నా అధ్వానంగా కనిపించినా మోతాదు పెంచకూడదు. అతిగా రొప్పుతూ, నీళ్లు ఎక్కువ తాగుతూ, రాత్రిళ్లు కుదురుగా పడుకోకపోతే మాత్రం మోతాదు ఎక్కువైందేమో చూడమని డాక్టర్‌కు ఫోన్ చేయాలి.